రామగిరి యెక్కబోయే ముందు

శ్రావణమాసం వచ్చిందంటే మా సుల్తానాబాద్ వైపు ఇల్లాళ్లకు రెండు పనులు మీద పడతాయి. ఒకటి నోములూ వ్రతాలూ. రెండవది గుట్ట ప్రయాణం. నోముల సంగతి చెప్పేవారు చాలామంది వున్నారు. గుట్టకు పోవడంలో చెప్పవలసినదేముంది, నాలుగు డబ్బాలు సర్దుకుని పోవడమేగా అని రెండవదాన్ని యెవరూ పట్టించుకోరు. కాని ఆ నాలుగు డబ్బాలలో యేమున్నదన్న దానిమీదే ఒక్కొక్కప్పుడు మనిషి క్షేమం ఆధారపడి వుంటుంది.

మాకు గుట్ట అంటే రామగిరి. పెద్దపల్లి దాటి మంథని దారి పట్టి బేగంపేట చేరితే యెదురుగా కనిపిస్తుంది. అడవి, గుట్ట, గుట్టమీద పాతకోట. మొగలాయిల కాలంలో హైదరాబాదు సుబాలో రామగిరి పేరుతోనే ఒక సర్కారు వుండేది. శిథిలమైన బురుజులూ దర్వాజాలూ యిప్పటికీ నిలిచివున్నాయి. వనవాసంలో సీతారాములు కొంతకాలం యిక్కడ వున్నారని జనం చెప్పుకుంటారు. అన్నిటికంటె యెక్కువ పేరు మాత్రం మూలికలది. వానలు పడి గుట్ట పచ్చబడగానే నాటువైద్యులూ, చెట్ల శాస్త్రం చదువుకునే పిల్లలూ వెతుక్కుంటూ వస్తారు.

మా మామగారి తండ్రిగారు నాటువైద్యం చేసేవారు. మామగారు చిన్నతనంలో ఆయన వెంట యీ గుట్ట యెన్నిసార్లు యెక్కారో లెక్కలేదు. యిప్పుడు ఆయనకు డెబ్బైయొకటి. పద్నాలుగేళ్లుగా చక్కెర వ్యాధి. ఉద్యోగం వడ్లమిల్లులో గుమాస్తాగిరీ చేసి మానుకున్నారు గాని, చెట్లమీద మమకారం మానలేదు. మొన్న శ్రావణంలో ఒకనాడు అన్నం ముందు కూర్చుని, "మనుమనికి ఆ చెట్లు నేను చూపియ్యకపోతే యింకెవలు చూపిస్తరు బిడ్డా?" అన్నారు. ఆ మాటకు యెదురు చెప్పడం నాకు చేతకాలేదు. మా వారు మాత్రం, "బాపూ, ముందుగాల డాక్టరు దగ్గరికి పోదాం, తర్వాత గుట్టకు పోదాం" అన్నారు. డాక్టరుగారు పరీక్షచేసి వెళ్లమన్నారు. కాని ఒట్టికాళ్లతో నడవకూడదు, వేళకు తినాలి, తినకుండా మాత్ర వేసుకోకూడదు, గ్లూకోజు చేతికందేటట్టు వుండాలి అని నాలుగు షరతులు పెట్టారు. మా సర్దుబాటంతా ఆ నాలుగింటి చుట్టూనే తిరిగింది.

మొదట నీళ్ల లెక్క. ఉక్కపోతలో గుట్ట యెక్కే మనిషికి గంటకు అరలీటరు నుంచి లీటరు దాకా చెమట పోతుంది. పూటంతా తిరగాలంటే మనిషికి మూడు లీటర్లు తక్కువ కాదు. మేము అయిదుగురం - మామగారు, మేమిద్దరం, పన్నెండేళ్ల అబ్బాయి, తొమ్మిదేళ్ల అమ్మాయి. పిల్లలకు కొంచెం తగ్గించినా పదమూడు లీటర్లు. లీటరు నీళ్లంటే కిలో బరువు. అంత బరువు మా వారి వీపున వేసి మనం చేతులూపుకుంటూ నడవడం న్యాయం కాదు గనుక, మామగారికి తప్ప తలా ఒక సంచీ కట్టాను. గుట్టమీద బావులూ కొలనులూ వున్నాయి గదా అని కొందరు సీసాలు తగ్గించుకుంటారు. వానాకాలపు నిలవనీళ్లు చూడటానికే గాని తాగటానికి కాదు.

ఒక సీసాలో ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు పోశాను. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా చిన్నది, తలకొట్టి కొలవాలి. 1971లో తూర్పు పాకిస్తాను నుంచి తరలివచ్చిన కాందిశీకులలో కలరా రేగినప్పుడు బెంగాలు సరిహద్దున బన్‌గావ్ శిబిరంలో డాక్టరు దిలీప్ మహలనబిస్ యిటువంటి ద్రావణాన్నే డ్రమ్ములలో కలిపించి తాగించారు. నూటికి ముప్పైదాకా వున్న చావులు నాలుగుకు లోపుగా పడిపోయాయి. మన వంటింటి డబ్బాలలో వున్న వస్తువులే! మామగారికి రోజూ యిది తాగించకూడదు. ఆయనకు పల్చని మజ్జిగ వేరే తీసుకున్నాం. రక్తపుపోటు వున్నవారు ఉప్పు సంగతి ముందే డాక్టరును అడగాలి.

యిక సద్ది. మా అత్తగారు మోకాళ్ల నొప్పులతో యింటివద్దనే వుండిపోయినా, సద్ది విషయంలో మాత్రం పెత్తనం వదలలేదు. వానాకాలపు ఉక్కలో వట్టి అన్నం డబ్బాలో మూతపెట్టి మధ్యాహ్నం దాకా వుంచితే వాసన రాకముందే పాడవుతుంది. పులిహోర నిలుస్తుంది, చింతపండు పులుపు దాన్ని కాస్తుంది. అయితే ఆరిన తర్వాతనే మూత పెట్టాలి. వేడిమీద మూస్తే ఆవిరి నీరై అన్నంలోకే దిగుతుంది. పెరుగన్నానికి అత్తమ్మ ఉపాయం వేరు. మెత్తగా వండిన అన్నంలో గోరువెచ్చని పాలు నిండుగా పోసి, ఒక్క చెంచాడు పెరుగు కలిపి కట్టేస్తుంది. నడుస్తూ వుండగా తోడుకుని, తినేవేళకు పుల్లబడకుండా కమ్మగా వుంటుంది. మామగారికి జొన్నరొట్టె, పల్లీల పొడి. పిల్లలకు సకినాలు, బెల్లంతో మలీద ముద్దలు. నేను సర్వపిండి కూడా చేశాను. అది రాత్రి చేసినా మర్నాడు మధ్యాహ్నం దాకా చెక్కుచెదరదు.

యెండిన తిండి మోసుకుపోవడం మన ఒక్కరి తెలివే కాదు. మధ్యధరా సముద్రంలోని క్రీటు దీవిలో కాపరులు బార్లీరొట్టెను రెండుసార్లు కాల్చి రాయిలా చేసి కొండలకు తీసుకుపోయేవారట. తినేముందు నీళ్లు చల్లుకుంటారు. ఆ దీవిలో సమారియా లోయ అని పదహారు కిలోమీటర్ల నడకదారి వుంది. ప్రపంచం నలుమూలలనుంచి వెళ్లి నడుస్తారు. చలికాలపు వానలకు యేరు పొంగుతుందని ఆ దారి మూసివేస్తారు. మన గుట్టకు యెవరూ తలుపు వేయరు. మబ్బు చూసి మనమే వేసుకోవాలి.

కోతుల సంగతి మరచిపోకూడదు. వాటికి ప్లాస్టిక్ కవరు చప్పుడు భోజనం గంటతో సమానం. తిండి అంతా గట్టి మూత వున్న స్టీలు డబ్బాలలో పెట్టి, గుడ్డసంచీలో దించాను. బరువైన నీళ్ల సీసాలు సంచీలో వీపుకు ఆనుకుని వుండాలి; దూరంగా వుంటే వెనక్కు లాగుతాయి. పైజేబులో గొడుగుగుడ్డ కోటు, టార్చిలైటు, కట్టుగుడ్డలు, ఈల. పాముకాటుకు పెట్టెలో పెట్టుకునే మందు లేదు. బిగించి కట్టడం, కోసి రక్తం పిండటం ప్రమాదం. కాటుపడ్డ కాలు కదలకుండా వుంచి 108 కు ఫోను చేసి ఆస్పత్రికి చేర్చడమే దారి. గుట్టమీద ఫోను అందకపోవచ్చు గనుక, సాయంత్రం నాలుగు దాటితే వెతకమని అత్తమ్మకు చెప్పి బయలుదేరాం.

చెప్పుల దగ్గర వచ్చింది చిక్కు. "దేవుని గుట్టమీద బూట్లతోని నడుస్తరా?" అని మామగారు అడ్డం తిరిగారు. చక్కెర వ్యాధివారికి అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది. ముల్లు దిగినా తెలియదు. చిన్న పుండే కాలిమీదికి తెస్తుంది. చివరకు, "మామయ్యా, గుడి గడపదాకా బూట్లు. గడప దాటినంక మీ యిష్టం" అంటే ఒప్పుకున్నారు. కొత్తబూట్లు బొబ్బలు తెస్తాయని పదిరోజుల ముందే కొని యింట్లో, వీధిలో తొడిగించి అలవాటు చేశాం. రెండు జతల మేజోళ్లు. నేను చీర మాని పంజాబీ డ్రెస్సు వేసుకున్నాను; అత్తమ్మ చూసి చూడనట్టు వూరుకుంది.

గ్లూకోజు పొడి మూడు పొట్లాలు కట్టాను. ఒకటి మామగారి చొక్కా జేబులో, ఒకటి పెద్దసంచీలో, ఒకటి అబ్బాయి జేబులో. "గుట్టకు పోతున్నమా, దవాఖాన పెడుతున్నమా?" అని మామగారు నవ్వారు.

ఏడు గంటలకు యెక్కడం మొదలుపెట్టాం. రాళ్లు తడిసి నాచు పట్టి వున్నాయి. మామగారు కర్రపోటుతో మెల్లగా నడుస్తూ, మనుమడికి తిప్పతీగ, ఉత్తరేణి, నేలవేము ఒక్కొక్కటీ చూపించారు. "ఆకు తెంపు, వేరు పీకకు" అనేది ఆయన తండ్రిగారి నియమమట. మా వారూ, అమ్మాయీ పెద్దసంచీతో చాలా ముందుకు పోయారు. పదకొండు దాటిన తర్వాత అబ్బాయి నా దగ్గరకు వచ్చి, "అమ్మా, తాత ఉత్తరేణిని తిప్పతీగ అంటున్నడు" అన్నాడు.

నా గుండె జారింది. వెళ్లి చూస్తే మామగారు చెట్టుకు ఆనుకుని నిలబడి వున్నారు. చొక్కా చెమటతో తడిసిపోయింది. వేళ్లు వణుకుతున్నాయి. జేబులో పొట్లం వుందన్న సంగతే ఆయనకు తోచడం లేదు. జేబు తడిసి ఆ పొడి ముద్దకట్టింది. అబ్బాయి తన పొట్లం విప్పాడు. మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించాం. వేలిమీద చుక్క తీసి మీటరులో చూస్తే 58. డెబ్బైకి తగ్గితే తక్కువన్నమాట. పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 84. అప్పుడు జొన్నరొట్టె తినిపించాం. పొద్దున తొమ్మిదింటికి తినవలసిన ఫలహారం మనుమడి ముచ్చట్లలో పడి సగమే తిన్నారట.

అబ్బాయి ఈల వూదాడు. మా వారు పరుగున దిగివచ్చారు. పడమట మబ్బు నల్లబడుతోంది. వురిమే వేళకు యెత్తైన బయలులో వుండకూడదు. పైకి యింకా దూరం వుంది. పన్నెండు గంటలకు యెక్కడ వుంటే అక్కడినుంచే దిగాలని బయలుదేరేముందే అనుకున్నాం గాని, ఆ మాట యిప్పుడు ఆయనతో యెవరు అంటారు? నేను మా వారి ముఖం చూశాను, ఆయన నా ముఖం చూశారు. మామగారే కర్ర అందుకుని లేచారు. పైనున్న దర్వాజా వైపు తిరిగి, బూట్లకాళ్లతోనే నిలబడి, రెండుచేతులూ జోడించారు. "దిగుదాం పట్టు" అన్నారు.

దిగేటప్పుడు ఆయన చేయి అబ్బాయి భుజంమీద వుంది. దారిలో నేలవేము మొక్కను అబ్బాయి గుర్తుపట్టి చూపించాడు, సరిగ్గానే. వాన మేము బేగంపేట చేరాకే మొదలైంది.

యింటికి రాగానే మామగారి కాళ్లు గోరువెచ్చని నీళ్లతో కడిగి, వేళ్ల సందులు తుడిచి, దీపం వెలుతురులో అరికాళ్లు చూశాను. యెడమ మడమ పక్కన కాస్త కందింది, అంతే. బూట్లలో పాత పత్రికలు కుక్కి ఆరబెట్టాను. మామగారు అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, వాడి లెక్కల నోటుపుస్తకం వెనక పేజీలో మొక్కల పేర్లు రాయిస్తున్నారు. ఆ రాత్రికి ఇరవైమూడు అయ్యాయి.