మన మౌనం ఎవరి పక్షం?

ఆదరణ కూడికకు వెళ్లేటప్పుడు మనలో చాలామందికి ఒకటే బెంగ: అక్కడ ఏం మాట్లాడాలి? గుమ్మం దాటేలోపే ఒక మాట సిద్ధం చేసుకుంటాం. "అంతా దేవుని చిత్తం." "ఆయనకు ఇష్టుడు కాబట్టే తీసుకున్నాడు." "ఇంకో బాబు ఉన్నాడు కదమ్మా, వాణ్ణి చూసుకుని ధైర్యం తెచ్చుకో." చెడ్డ ఉద్దేశంతో ఎవరూ అనరు. అయినా ఆ మాటలు విన్న తల్లి ముఖం ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

కొన్నేళ్ల క్రితం బైకు ప్రమాదంలో పందొమ్మిదేళ్ల కొడుకును పోగొట్టుకున్న ఒక సహోదరి ఇంటికి మేమూ అలాగే వెళ్లాం. ఒక వాక్యభాగం చదివాం, ప్రార్థన చేశాం. ఆమె తల ఊపింది గాని ఏదీ వినలేదని మాకు తెలుస్తూనే ఉంది. తర్వాత అదే వీధిలో ఉండే ఒక పెద్దావిడ వచ్చింది. చదువు రాదు. చాప మీద ఆమె పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంది. పలకరింపు కూడా లేదు. గంట దాటింది. ఉన్నట్టుండి ఆ తల్లే నోరు తెరిచింది: "పొద్దున దోసె వేయమన్నాడు పెద్దమ్మా. పిండి లేదు, ఉప్మా తినేసి పో అన్నాను. తినకుండా పోయాడు." పెద్దావిడ అప్పుడూ ఏమీ అనలేదు. "నీ తప్పేముంది" అని కూడా అనలేదు. చెయ్యి పట్టుకుంది, అంతే. శవాన్ని ఇంటికి తెచ్చినప్పటి నుంచి ఆమె ఏడవడం అదే మొదటిసారి అని చెల్లెలు మాకు తర్వాత చెప్పింది.

యోబు స్నేహితులను మనం ప్రసంగాల్లో చాలా తిడతాం. కాని 2వ అధ్యాయం చివర వాళ్లు చేసిన పని చూడండి. ఎలీఫజు, బిల్దదు, జోఫరు దూరం నుంచి వచ్చారు, యోబును గుర్తుపట్టలేకపోయారు, గట్టిగా ఏడ్చారు, బట్టలు చింపుకున్నారు. తర్వాత 7 పగళ్లు, 7 రాత్రులు అతనితో నేల మీద కూర్చున్నారు. అతని బాధ ఎంత పెద్దదో చూసి ఒక్క మాటా పలకలేదు. యూదుల ఆచారంలో ఇది పాఠంగానే నిలిచిపోయింది. దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లినవాళ్లు ఆ ఇంటివాళ్లు ముందు నోరు తెరిచేదాకా మాట్లాడకూడదని వాళ్ల పెద్దలు నియమం పెట్టారు. ఓదార్చడానికి వచ్చినవాడు నేర్చుకోవలసిన మొదటి పని ఆగడం.

స్నేహితుల పొరపాటు 4వ అధ్యాయంలో మొదలైంది. యోబు తాను పుట్టిన దినాన్ని శపించగానే వాళ్లు తట్టుకోలేకపోయారు. వాళ్ల సిద్ధాంతానికి దెబ్బ తగిలింది. అక్కడి నుంచి వాళ్లు మాట్లాడింది యోబు కోసం కాదు, తమ సిద్ధాంతాన్ని కాపాడుకోవడం కోసం. 13వ అధ్యాయంలో యోబే వాళ్లకు చెప్పాడు, నోరు మూసుకుని ఉంటే అదే మీకు జ్ఞానం అయ్యేదని. చివరి అధ్యాయంలో దేవుడు వాళ్ల మీద కోపపడింది కూడా వాళ్ల మాటల విషయంలోనే.

గ్రంథాన్ని చదవడంలో కూడా మనకు ఆగడం చేతకాదు. కీర్తనల్లో 71 చోట్ల, హబక్కూకులో 3 చోట్ల 'సెలా' అనే మాట ఉంది. దాని అర్థం మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు గాని, పాటలో విరామం అని చాలామంది అంటారు. ఆరాధనలో ఉత్తర ప్రత్యుత్తరంగా కీర్తన చదివేటప్పుడు దాన్ని మింగేసి తర్వాతి వచనానికి దూకుతాం. మైకు ఒక్క నిమిషం ఆగితే కరెంటు పోయిందేమోనని వెనక్కి తిరిగి చూసే సంఘాలు మనవి!

ఎరిక్ ఔర్‌బాక్ అనే జర్మన్ యూదు పండితుడు నాజీల పాలనలో ఉద్యోగం పోయి ఇస్తాంబుల్‌లో తలదాచుకున్నాడు. అక్కడ రాసిన 'మైమీసిస్' 1946లో అచ్చయింది. అందులో ఆయన గ్రీకు కవి హోమరును, ఆదికాండము 22వ అధ్యాయాన్ని పక్కపక్కన పెట్టి చూశాడు. హోమరు ఏదీ దాచడు. కథానాయకుడి కాలి మీద మచ్చ కనబడితే, ఆ మచ్చ ఎలా వచ్చిందో మొత్తం చెప్పి గాని ముందుకు సాగడు. అబ్రాహాము మోరీయాకు నడిచిన మూడు దినాల గురించి మాత్రం మనకు దాదాపు ఏమీ తెలియదు. ఏం ఆలోచించాడు? రాత్రి నిద్రపట్టిందా? శారాతో ఏం చెప్పి బయలుదేరాడు? గ్రంథం చెప్పదు. చెప్పలేదు కాబట్టే ఆ బరువు మన మీద పడుతుంది, ఆ మూడు దినాలూ మనమే నడవాలి. మంచి సాహిత్యం మౌనాన్ని ఇలా వాడుకుంటుంది.

అయితే అదే గ్రంథంలో ఇంకో రకం మౌనం ఉంది. దాని మీద ప్రసంగాలు తక్కువ. 2 సమూయేలు 13వ అధ్యాయం. తామారును ఆమె అన్న అమ్నోను చెరిపాడు. ఆమె బట్టలు చింపుకుని, నెత్తిన బూడిద వేసుకుని, కేకలు వేస్తూ వీధిలో నడిచింది. అబ్షాలోము ఏమన్నాడు? వాడు నీ అన్న కదా, ఊరకుండు అన్నాడు. దావీదుకు విపరీతమైన కోపం వచ్చింది. కాని అమ్నోనుతో ఒక్క మాట అన్నట్టు అక్కడ రాసి లేదు. అబ్షాలోము కూడా అమ్నోనుతో మంచీ మాట్లాడలేదు, చెడ్డా మాట్లాడలేదు. ఒకే అధ్యాయంలో మూడు మౌనాలు: నోరు నొక్కిన మౌనం, చేతగాని మౌనం, కత్తి నూరుకుంటున్న మౌనం. రెండేళ్ల తర్వాత గొర్రెల బొచ్చు కత్తిరించే పండుగలో అమ్నోను హతమయ్యాడు. తామారు అన్న ఇంట్లో దిక్కులేనిదై ఉండిపోయింది. మళ్లీ ఆమె మాట మనకు వినబడదు. తర్వాతి అధ్యాయంలో మాత్రం అబ్షాలోము తన కూతురికి తామారు అని పేరు పెట్టుకున్నట్టు కనబడుతుంది.

'మౌనం అర్ధాంగీకారం' అని పెద్దలు ఎందుకన్నారో గాని, పెళ్లిచూపుల్లో తల దించుకున్న ఎందరో ఆడపిల్లలకు ఆ మాట అన్యాయమే చేసింది. నోరు తెరిచే హక్కే లేనివాళ్ల మౌనానికి అంగీకారం అని పేరు పెట్టకూడదు. మన జాషువా కవి ఈ సంగతి ఎరిగినవాడు. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో గుడి గడప తొక్కనివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పుకోవాలి. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది, ఇతడికి గబ్బిలం దొరికింది. పూజారి లేని సమయం చూసి నా కథ విన్నవించమని దాన్ని వేడుకుంటాడు. ఆ గబ్బిలాన్ని కవి 'మౌని' అని పిలిచాడు. మాట లేని మనిషికి మౌనియే దూత.

ప్రభువు మౌనం ఈ రెండింటికీ భిన్నం. అద్భుతం చూడాలని ఆశపడిన హేరోదు ఎన్ని ప్రశ్నలు వేసినా ఆయన జవాబివ్వలేదు. నేరాలు మోపుతుంటే పలకకపోవడం చూసి పిలాతు ఆశ్చర్యపోయాడు. కాని ముందటి రాత్రి తోటలో సైనికులు వచ్చినప్పుడు ఆయన ఊరుకోలేదు, తన శిష్యులను వెళ్లనివ్వమని అడిగాడు. సిలువ మీద తల్లి కోసం మాట్లాడాడు, పక్కనున్న దొంగతో మాట్లాడాడు. తన గురించి ఊరుకున్న నోరు ఇతరుల కోసం తెరుచుకుంది. మనం సాధారణంగా దీన్ని తలకిందులు చేస్తాం.

ఇది రాస్తున్న మేమూ అదే చేశాం. ఒక సంఘ కమిటీలో కానుకల డబ్బు తక్కువైందని, మందిరం ఊడ్చే ఒక విధవరాలి మీద అనుమానం వచ్చింది. ఆ ఆదివారం ఆమె ఊళ్లో లేదని మాకు తెలుసు. పెద్దల ముందు ఎందుకులే, సమాధానం చెడుతుంది అనుకుని తల దించుకుని కూర్చున్నాం. ఆమెను పని మాన్పించారు. మూడు నెలలకు లెక్కల పుస్తకంలో కూడికలో తప్పు బయటపడింది. ఆమె ఇంటికి వెళ్లి, మేము ఆ రోజే చెప్పవలసింది అన్నాం. ఆమె లోపలికి వెళ్లి టీ పెట్టి తెచ్చింది. పిల్లల చదువులు ఎలా ఉన్నాయని అడిగింది. ఆ విషయం మాత్రం ఎత్తలేదు. గేటు దాకా వచ్చి సాగనంపింది. తర్వాతి ఆదివారం ఆమె కూర్చునే చోటు ఖాళీగా ఉంది.