రన్నింగ్ వాచ్‌లో ఎత్తు తప్పుగా చూపిస్తోందా? కొత్తది కొనేముందు ఈ గ్రాఫ్ ఒక్కసారి చూడండి

ట్యాంక్‌బండ్ మీద అటూ ఇటూ కలిపి నాలుగు కిలోమీటర్లు పరిగెత్తారనుకోండి. రోడ్డు చదునుగానే ఉంటుంది. రన్ ఆపి ఫోన్‌లో చూస్తే మాత్రం ‘ఎలివేషన్ గెయిన్ 90 మీటర్లు’ అని ఉంటుంది. పక్కనే పరిగెత్తిన ఫ్రెండ్ వాచ్‌లో 15 మీటర్లే. ఇంతకీ ఎవరి వాచ్ కరెక్ట్?

రన్నర్లలో చాలామందికి ఎదురయ్యే ప్రశ్నే ఇది. నంబరే కదా అని వదిలేయడానికి లేదు. ఎత్తును బట్టే యాప్‌లు ఎక్కుడు దిగుళ్లకు సరిచేసిన పేస్‌ను లెక్కగడతాయి. ఎంత కష్టపడ్డారో, రన్నింగ్ పవర్ ఎంతో చెబుతాయి. ఎత్తు తప్పయితే ఆ లెక్కలన్నీ తప్పుతాయి. ఎక్కని కొండను ఎక్కినట్టు నమ్మి ఫ్లైఓవర్లు ఎక్కువగా ఉండే రేసుకు వెళితే అసలు సంగతి కాళ్లకు తెలుస్తుంది. మరోవైపు సెన్సర్ పోయిందనుకుని వేలకు వేలు పెట్టి కొత్త వాచ్ కొనేవాళ్లూ ఉన్నారు. నిజానికి చాలా సందర్భాల్లో వాచ్ పాడవదు. తప్పు ఎక్కడుందో దాని గ్రాఫే చెప్పేస్తుంది. అదెలాగో చూద్దాం.

వాచ్ ఎత్తును ఎలా కొలుస్తుంది?

ముందుగా ఒక విషయం తెలుసుకోవాలి. ఏ వాచ్ కూడా ఎత్తును నేరుగా కొలవదు. మూడు దారుల్లో ఏదో ఒకదానితో అంచనా వేస్తుంది.

మొదటిది బారోమీటర్. పైకి వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. సముద్ర మట్టానికి దగ్గర్లో అయితే దాదాపు ప్రతి 8 మీటర్లకు ఒక హెక్టోపాస్కల్ చొప్పున తగ్గుతుంది. వాచ్ పక్కన ఉండే చిన్న రంధ్రం గుండా సెన్సర్ ఈ పీడనాన్ని చూస్తుంది. అర మీటరు, మీటరు తేడాను కూడా పట్టేస్తుంది.

రెండోది జీపీఎస్. తక్కువ ధర వాచ్‌లలో బారోమీటర్ ఉండకపోవచ్చు. ఉదాహరణకు గార్మిన్ ఫోర్‌రన్నర్ 55లో బారోమీటర్ లేదు. యాపిల్ వాచ్‌కు సిరీస్ 3 నుంచి ఉంది. బారోమీటర్ లేని వాచ్‌లు శాటిలైట్ల మీదే ఆధారపడతాయి. ఇక్కడో చిక్కుంది. శాటిలైట్లన్నీ మన తల పైనే ఉంటాయి, కాళ్ల కింద ఒక్కటీ ఉండదు. అందుకే జీపీఎస్‌లో పక్కకు వచ్చే తప్పు కంటే ఎత్తులో వచ్చే తప్పు ఎక్కువ. రెండు మూడు రెట్లు కూడా ఉండొచ్చు.

మూడోది మ్యాప్. రన్ అయ్యాక మీరు వెళ్లిన దారిని ఎత్తుల మ్యాప్ మీద పెట్టి యాప్ లెక్క కడుతుంది. ఇలాంటి మ్యాప్‌లలో బాగా తెలిసినది 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ స్పేస్ షటిల్ 11 రోజుల పాటు రాడార్‌తో కొలిచి తయారుచేసినది. అందులో దాదాపు 30 మీటర్లకో ఎత్తు ఉంటుంది. మధ్యలో ఉన్నదంతా అంచనానే.

మీ వాచ్‌లో బారోమీటర్ ఉందో లేదో కంపెనీ స్పెసిఫికేషన్ల పేజీలో చూసుకోండి. సగం సమస్య అక్కడే తేలిపోతుంది.

గ్రాఫ్ చూస్తే జబ్బు తెలుస్తుంది

యాప్‌లో రన్ ఓపెన్ చేసి ఎలివేషన్ గ్రాఫ్‌ను పెద్దది చేసి చూడండి. బయలుదేరిన చోటుకే తిరిగి వచ్చిన రన్ అయితే ఇంకా మంచిది. మొదలైన ఎత్తు, ముగిసిన ఎత్తు ఒకటే ఉండాలి కాబట్టి తప్పు వెంటనే కనబడుతుంది.

1. ఆకారం బాగానే ఉంది, గ్రాఫ్ మొత్తం పైకో కిందకో జరిగింది: ఇది క్యాలిబ్రేషన్ సమస్య. హైదరాబాద్‌లో 540 మీటర్లు ఉండాల్సిన చోట 480 చూపిస్తుంది, చివర్లోనూ అదే 480 ఉంటుంది. దీనికి కంగారు పడక్కర్లేదు. ఎంత ఎక్కారు, ఎంత దిగారు అన్న లెక్క మాత్రం సరిగ్గానే ఉంటుంది.

2. గ్రాఫ్ నెమ్మదిగా ఒకవైపు వాలింది: ఇది వాతావరణం పని. బారోమీటర్‌కు కొండకూ, మబ్బుకూ తేడా తెలియదు. పీడనం తగ్గితే మీరు పైకి ఎక్కారనుకుంటుంది, పెరిగితే దిగారనుకుంటుంది. బంగాళాఖాతంలో వాయుగుండం దగ్గర పడుతున్నప్పుడు పీడనం 10 హెక్టోపాస్కల్స్ పడిపోతే, మంచం మీద పడుకున్న మీరు 80 మీటర్లకు పైగా ఎక్కినట్టు వాచ్ చూపించగలదు.

మబ్బు లేని రోజున కూడా ఇది జరుగుతుంది. మనలాంటి ఉష్ణ ప్రాంతాల్లో గాలి పీడనం రోజుకు రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. తెల్లవారుజామున 4 గంటల ప్రాంతంలో తక్కువగా ఉండి, ఉదయం 10 గంటలకల్లా గరిష్ఠానికి చేరుతుంది. మళ్లీ సాయంత్రం 4 గంటలకు తగ్గి, రాత్రి 10కి పెరుగుతుంది. ఈ తేడా 3 హెక్టోపాస్కల్స్ దాకా ఉండటం మామూలే. అంటే తెల్లవారుజామున 5 గంటలకు లాంగ్ రన్ మొదలుపెట్టి 9కి అదే చోట ఆపితే, మీరు దాదాపు 20 మీటర్లు కిందకు దిగినట్టు వాచ్ చూపించవచ్చు. అది వాచ్ లోపం కాదు, ఆకాశం లెక్క.

3. ఉన్నట్టుండి నిట్టనిలువుగా లేచింది, లేదా పడిపోయింది: చాలాసార్లు సెన్సర్ రంధ్రంలో నీళ్లో, చెమటో చేరి ఉంటుంది. వర్షంలో పరిగెత్తినప్పుడు, చేయి కడుక్కున్నప్పుడు, తల మీద నీళ్లు పోసుకున్నప్పుడు ఇలా అవుతుంది. వాచ్ మీద బిగుతుగా ఉన్న రెయిన్‌కోట్ చేయి, ఎదురుగాలి కూడా కారణం కావచ్చు.

4. ఫ్లైఓవర్ ఎక్కినా గీత కదలలేదు: రంధ్రం పూర్తిగా మూసుకుపోయి ఉండొచ్చు. లేదా సెట్టింగ్ మారి ఉండొచ్చు. కొన్ని వాచ్‌లలో సెన్సర్‌కు ఆల్టీమీటర్, బారోమీటర్, ఆటో అని మోడ్‌లు ఉంటాయి. బారోమీటర్ మోడ్‌లో పెడితే పీడనంలో వచ్చే మార్పు మొత్తాన్ని వాతావరణం ఖాతాలో వేసి, ఎత్తును మార్చదు. పరుగుకు ఆల్టీమీటర్ గానీ, ఆటో గానీ ఉండాలి.

5. రంపం పళ్లలా పైకీ కిందకీ గీతలు: ఇది ఎక్కువగా బారోమీటర్ లేని వాచ్‌లలో కనిపిస్తుంది. ఎత్తైన బిల్డింగుల మధ్య, చెట్ల కింద శాటిలైట్ సిగ్నల్ గోడలకు తగిలి వస్తుంది. ఎత్తు 5 మీటర్లు పైకి, 5 మీటర్లు కిందకి ఊగుతుంది. ఆ ఊపులన్నీ కలిపితే చదును రోడ్డు మీద 90 మీటర్లు అవుతాయి. బయటకు వచ్చి, ఆకాశం కనిపించే చోట సిగ్నల్ దొరికాక ఒకటి రెండు నిమిషాలు ఆగి స్టార్ట్ నొక్కితే కొంత నయం.

6. బ్రిడ్జి మీద గొయ్యి, కొండ పక్కన గుట్టలు: ఇది మ్యాప్ చేసిన తప్పు. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద మీరు పరిగెడుతుంటే, మ్యాప్ కింద ఉన్న చెరువు ఎత్తును ఇచ్చే అవకాశం ఉంది. ఘాట్ రోడ్లలో జీపీఎస్ గీత 20 మీటర్లు పక్కకు జరిగితే చాలు, మ్యాప్ లెక్కలో మీరు కొండ వాలు మీద ఉన్నట్టే. స్ట్రావాలో, గార్మిన్ కనెక్ట్‌లో ఎత్తును మ్యాప్‌తో సరిచేసే ఆప్షన్ ఉంది. బారోమీటర్ బాగా పనిచేస్తున్న వాచ్ అయితే, ఫ్లైఓవర్లున్న రూట్‌లో ఆ ఆప్షన్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

బీచ్‌లో నిలబడితే మైనస్ ఎందుకు?

విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబడి ఫోన్‌లో ఏదో జీపీఎస్ యాప్ తెరిస్తే ఎత్తు మైనస్‌లో పదుల మీటర్లు చూపించే అవకాశం ఉంది. సముద్రం కింద ఉన్నామా ఏంటి అనిపిస్తుంది. అసలు కారణం వేరు. జీపీఎస్ తన ఎత్తును సముద్ర మట్టం నుంచి లెక్కించదు. గణితం ప్రకారం భూమికి ఇచ్చిన ఒక నున్నటి ఆకారం నుంచి లెక్కిస్తుంది. మన దక్షిణాన శ్రీలంకకు కింద, హిందూ మహాసముద్రంలో గురుత్వాకర్షణ తేడా వల్ల సముద్ర మట్టం ఆ ఆకారం కంటే 100 మీటర్లకు పైగా కిందకు ఉంటుంది. ఆ ప్రభావం మన రాష్ట్రాల దాకా ఉంది. చాలా వాచ్‌లు ఈ తేడాను సరిచేసే చూపిస్తాయి. సరిచేయని యాప్‌లో కనిపించిన ఎత్తును తెచ్చి వాచ్‌ను క్యాలిబ్రేట్ చేస్తే మాత్రం ఉన్నది కూడా చెడుతుంది.

రైల్వే స్టేషన్ బోర్డు చూసి సెట్ చేసుకోండి

మరి నమ్మదగిన ఎత్తు ఎక్కడ దొరుకుతుంది? రైల్వే స్టేషన్‌లో. ప్లాట్‌ఫామ్ చివర ఉండే పసుపు బోర్డు మీద, స్టేషన్ పేరు కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉండటం మనకు తెలిసిందే. అరకు లైన్‌లోని శిమిలిగూడ బోర్డు మీద ఉండే 996 మీటర్లు రైలు ప్రయాణికులకు బాగా తెలిసిన అంకె. మీ దగ్గర్లోని స్టేషన్ బోర్డు అంకె చూసి, అక్కడే నిలబడి వాచ్ సెట్టింగ్స్‌లో ఆల్టీమీటర్ క్యాలిబ్రేషన్‌లో ఎంటర్ చేయండి. తీర ప్రాంతం వాళ్లకైతే బీచ్ ఉండనే ఉంది. నీటి అంచున నిలబడి సున్నా ఇచ్చినా సరిపోతుంది.

ఆ తర్వాత ఇంటికి వచ్చి మీ గేటు దగ్గర వాచ్ ఎంత చూపిస్తోందో రాసి పెట్టుకోండి. ఇక ప్రతి లాంగ్ రన్‌కు ముందు ఆ అంకెతో సెట్ చేసుకుంటే చాలు.

ఒక జాగ్రత్త. వెదర్ యాప్‌లో కనిపించే పీడనం సముద్ర మట్టానికి మార్చి చెప్పేది. హైదరాబాద్‌లో యాప్ 1010 అని చూపించినా, అక్కడి గాలి అసలు పీడనం 950 హెక్టోపాస్కల్స్ చుట్టుపక్కలే ఉంటుంది. రెండూ వేరుగా ఉన్నాయని సెన్సర్ పోయిందనుకోవద్దు.

రంధ్రాన్ని ఎలా శుభ్రం చేయాలి?

చెమట ఆరితే ఉప్పు మిగులుతుంది. దానికి సన్‌స్క్రీన్, దుమ్ము కలిస్తే రంధ్రం మూసుకుపోతుంది. వాచ్ నీళ్లలో తడిసినా పర్వాలేదని కంపెనీ చెప్పినదైతే, గోరువెచ్చని నీళ్లలో ఒకటి రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కొన్ని నిమిషాలు నానబెట్టండి. తర్వాత మామూలు నీళ్లతో కడిగి, మెత్తటి బట్టతో తుడిచి, రాత్రంతా ఆరనివ్వండి. పిన్నీసు, టూత్‌పిక్ పెట్టి పొడవద్దు. గట్టిగా గాలి కొట్టొద్దు. హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు. లోపల ఉన్న పలుచటి పొర చిరిగితే అప్పుడు నిజంగానే సెన్సర్ పోతుంది.

పది అంతస్తుల టెస్ట్

వాచ్ బాగుందో లేదో తేల్చుకోవడానికి అపార్ట్‌మెంట్ మెట్లు చాలు. ఒక్కో అంతస్తు దాదాపు 3 మీటర్లు ఉంటుంది. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఎత్తు నోట్ చేసుకుని పది అంతస్తులు ఎక్కండి. 30 మీటర్లకు అటూ ఇటూగా పెరగాలి. వెంటనే కిందకు దిగితే మళ్లీ మొదటి అంకెకు దగ్గరగా రావాలి. పది నిమిషాల్లో అయిపోయే పని కాబట్టి వాతావరణం మారేంత సమయం ఉండదు. ఇందులో పాసైతే మీ సెన్సర్ బాగున్నట్టే. శుభ్రం చేసి, రీస్టార్ట్ చేసి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాక కూడా రెండు మూడుసార్లు ఫెయిలైతే అప్పుడు సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. గ్రాఫ్ స్క్రీన్‌షాట్లు వెంట ఉంటే వారంటీ క్లెయిమ్‌కు పనికొస్తాయి.

అన్నీ సరిగ్గా ఉన్నా తేడా ఉంటుందా?

ఉంటుంది. బారోమీటర్ లెక్క సముద్ర మట్టం దగ్గర 15 డిగ్రీల ఉష్ణోగ్రత ఉంటుందన్న ప్రమాణం మీద నడుస్తుంది. మన దగ్గర అంత చల్లగా ఎప్పుడుంటుంది? గాలి వేడెక్కితే వ్యాకోచిస్తుంది, వాచ్ ఎక్కిన ఎత్తును తక్కువ చేసి చూపిస్తుంది. ప్రతి 10 డిగ్రీలకు ఈ తేడా 3 నుంచి 4 శాతం. అలిపిరి దారిలో 3,550 మెట్లెక్కి తిరుమల వెళ్లేవాళ్లకు ఎండ రోజున ఇది కనిపిస్తుంది. గాలి ప్రమాణం కంటే 15 డిగ్రీలు వేడిగా ఉంటే, 600 మీటర్లు ఎక్కినా వాచ్ 570 దగ్గరే ఆగుతుంది.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ట్యాంక్‌బండ్ మీద 15 మీటర్లు చూపించిన వాచే నిజానికి దగ్గరగా ఉంది. 90 చూపించిన వాచ్‌లో బారోమీటర్ లేకపోతే అది జీపీఎస్ ఊపుల మొత్తం. బారోమీటర్ ఉంటే ముందు రంధ్రం కడిగి చూడాలి. రెండు వాచ్‌ల మధ్య 5, 10 మీటర్ల తేడా ఎప్పుడూ ఉంటుంది, దాని గురించి వాదించుకోవడం దండగ. ఒకే వాచ్‌తో, ఒకే రూట్‌లో వారం వారం వచ్చే అంకెలను పోల్చుకోండి. మీ ట్రైనింగ్‌కు పనికొచ్చేది అదే.