తనఖా ఋణములపై రాబడి

భూమిని, ఇంటిని హామీగ నుంచి అప్పు తెచ్చుకొనుట మనకు క్రొత్త గాదు. రాజాం వంటి వ్యాపారపట్టణమున గోగునార కొనుగోలుకు గాని, బిడ్డ పెండ్లికి గాని, ఇల్లు కట్టుకొనుటకు గాని తనఖా పత్రము వ్రాయుట తరతరములుగ నున్నదే. అప్పు తీసికొనువాని కష్టములను గూర్చి తరచుగ వినుచుందుము. పొదుపు చేసిన నాలుగు రూకలు గలవాడు ఈ ఋణములనుండి ఏ విధముల రాబడి పొందగలడో, ఎచ్చట నష్టపడునో ఇపుడు విచారింతము.

మొదటి మార్గము తానే అప్పిచ్చుట. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ఆరు విధములైన తనఖాలను పేర్కొన్నది. వానిలో రెండు మనకు ముఖ్యములు. సాదా తనఖాలో భూమి యజమాని యొద్దనే యుండును. ఋణదాతకు వడ్డీ ముట్టును. స్వాధీన తనఖాలో భూమి ఋణదాత చేతికి వచ్చును. పంటయో, అద్దెయో వడ్డీక్రింద చెల్లును. అసలు నూరు రూపాయలు గాని అంతకు మించి గాని యున్నచో ఈ పత్రములకు రిజిస్ట్రీయు, ఇద్దరు సాక్షుల సంతకములును ఉండవలెను. తెల్లకాగితముపై చేవ్రాలు తనఖా కానేరదు. అప్పు తీరిననాడు భూమిని విడిపించుకొను హక్కు యజమానికి ఎల్లపుడు కలదు.

ఈ మార్గమున రాబడి హెచ్చుగ కనబడును, చిక్కులును హెచ్చే. సీతంపేట వైపు షెడ్యూల్డు గ్రామములలో గిరిజనేతరుని పేర వ్రాసిన తనఖా, 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దాని 1970 సవరణల ననుసరించి చెల్లదు. గిరిజనుని భూమి వడ్డీవ్యాపారి పాలు గాకుండుటకే ఆ కట్టుబాటు. ప్రభుత్వము పేదలకిచ్చిన డి-పట్టా భూములకును 1977 చట్టపు ఆంక్షలు కలవు. అన్నియు సక్రమముగ నున్నను, బాకీదారు ఎగవేసినచో కోర్టు మెట్లెక్కక తప్పదు.

రెండవ మార్గమునకు మన ప్రాంతమున చరిత్ర కలదు. ఈ సీమ మద్రాసు రాజధానిలో నున్న కాలమున, 1929లో, మద్రాసులో కేంద్ర భూమి తనఖా బ్యాంకు ఏర్పడెను. రైతుల తనఖాలను ఆధారముగ గొని ఆ బ్యాంకు డిబెంచర్లను అమ్మెను. వానికి ప్రభుత్వము పూచీ యుండెను. డబ్బు పెట్టినవాడు ఏ రైతు ముఖమును చూడనక్కరలేకయే వడ్డీ పొందెను. రైతు దీర్ఘకాలపు అప్పు పొందెను. 1987లో ఆంధ్రప్రదేశ్‌లో ఏకగవాక్ష పద్ధతి వచ్చినప్పుడు ఈ దీర్ఘకాలిక ఋణశాఖ సహకార బ్యాంకులలో కలిసిపోయినది.

మూడవది గృహఋణ సంస్థలలో డిపాజిట్లు. ఇచ్చట ఒక భేదము మరువరాదు. బ్యాంకు డిపాజిట్లకు అయిదు లక్షల రూపాయలవరకు బీమా కలదు. గృహఋణ సంస్థల డిపాజిట్లకు ఆ బీమా వర్తింపదు. ఇండ్ల తనఖాలు సంస్థకు హామీ యగును గాని, డిపాజిటుదారునకు నేరుగ హామీ కావు.

నాలుగవది గృహఋణములను కట్టగ చేసి, ఆ కట్టలో పాలును పత్రములుగ అమ్ముట. జాతీయ గృహవసతి బ్యాంకు 2000 సంవత్సరమున దీనిని మన దేశమున ఆరంభించెను. 2025 మే నెలలో ఎల్.ఐ.సి. హౌసింగ్ ఫైనాన్స్ ఋణములపై ఆధారపడిన 1,000 కోట్ల రూపాయల పత్రములు జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైనవి. ఒక్కొక్క పత్రము విలువ లక్ష రూపాయలు. ఇందలి గుణమును లెక్కలో చూతము. పది లక్షలు ఒక్కని కిచ్చినవాడు, అతడు ఎగవేసినచో అంతయు ఇరుకున పెట్టుకొనును. సమానమైన వేయి ఋణములలో పాలుగలవానికి పదిమంది ఎగవేసినను దెబ్బ నూటికి ఒక్క పాలే. అయితే వడ్డీరేట్లు తగ్గినపుడు బాకీదారులు ముందుగనే అప్పు తీర్చుదురు. అసలు తొందరగ చేతికి వచ్చి, తక్కువ వడ్డీకి మరల పెట్టవలసివచ్చును. కట్టలోని ఋణములే చెడ్డవైనచో ఏమగునో 2008లో అమెరికా చూపినది.

కావున ఏ మార్గము పట్టినను ముందుగ మూడు సంగతులు తెలిసికొనవలెను. ఆస్తి ఎవరి పేరనున్నది, దానిపై మరియొక బాకీ కలదా యని ఋణభార పత్రములో చూడవలెను. ఎగవేత వచ్చినచో నష్టము ఎవరిదో అడుగవలెను. డబ్బు అవసరమైన దినమున వెనుకకు వచ్చునా యని యోచింపవలెను. ఈ మూటికి స్పష్టమైన సమాధానము దొరకనిచోట, ఎంత వడ్డీ చూపినను, వృద్ధాప్యమునకు దాచిన సొమ్మును పెట్టకుండుటయే మేలని మేము తలంచుచున్నాము.