బంతి ఎవరి చేతిలో? ఆట ఎవరి చేతిలో?

క్లైమాక్సు సీనులో హీరో ఉరకాల్సిన క్షణంలో పక్కనున్న జూనియర్ ఆర్టిస్టు ఉరికితే ఎలా వుంటుంది? కెమెరా కూడా అతని వెనకాలే పోతే? సరిగ్గా అలాంటి గందరగోళమే మొన్న సంక్రాంతికి విజయవాడలో మా అక్కయ్య గారింట్లో జరిగింది. సినిమా షూటింగులో కాదు లెండి... వీడియోగేము బాస్కెట్‌బాల్‌లో!

మా బావ ఒకప్పుడు కాలేజీ జట్టులో బాస్కెట్‌బాల్ ఆడినవాడు. ఇప్పుడు యాభై దాటాయి, మోకాలు మొరాయించింది. మా మేనల్లుడికి పదిహేనేళ్ళు. నిజం బంతిని ముట్టుకున్న పాపాన పోలేదుగానీ టీవీ ముందు కూర్చుంటే వాడంత మొనగాడు లేడు. భోగినాడు తండ్రీకొడుకులు పోటీకి దిగారు. మూడాటలు వరసగా బావ ఓడిపోయాడు. నాలుగో ఆటలో మాత్రం ఎనిమిది సెకన్లుందనగా ఒక్క పాయింటు ఆధిక్యం! మేమంతా ఊపిరి బిగబట్టాం. కుర్రాడు బంతిని మూలనున్న ఆటగాడికి విసిరాడు. అంతే, బావ నడుపుతున్న మనిషి మీంచి అధికారం మరో మనిషి మీదకి దానంతటదే మారిపోయింది. బావ బొటనవేలు ఇంకా ఎడమకే నొక్కివుంది. పాపం, ఆ కొత్తమనిషి ఎడమకి పరిగెత్తి రింగుకి దారి ఇచ్చేశాడు. కుర్రాడు తీరిగ్గా బంతి వేసేశాడు.

"నేను పట్టుకున్న మనిషిని నా చేతిలోంచి లాక్కుంటే ఎలా ఆడేదిరా?" అన్నాడు బావ.

"అది ఆటోమేటిక్ నాన్నా. మాన్యువల్ పెట్టుకో."

"అన్ని మీటలు నాకు రావురా."

"రాకపోతే ఓడిపో మరి!"

వాడు నవ్వుతూనే అన్నాడు. బావ మాత్రం నవ్వలేదు. రిమోట్ బల్లమీద పెట్టి వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర కూడా ఆ ఊసెత్తలేదు. కాలేజీ రోజుల్లో అందరూ చూడ్డానికి వచ్చిన ఆటగాడికి ఆ మాట ఎక్కడ తగిలిందో వేరే చెప్పాలా?

అసలీ ఆటో, మాన్యువల్ తగవు ఈనాటిది కాదు. 1978లో అటారీ కంపెనీ ఇంటికి తెచ్చిన బాస్కెట్‌బాల్‌లో ఇటొక్కడు, అటొక్కడు. మన మనిషిని మనమే నడుపుకోవాలి, పేచీయే లేదు. 1983లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారు డాక్టర్ జే అని ముద్దుగా పిలుచుకునే జూలియస్ ఎర్వింగ్‌నీ, లారీ బర్డ్‌నీ తెరమీద ఎదురెదురుగా నిలబెట్టినప్పుడూ అంతే. అందులో ఓ ముచ్చటైన ఘట్టం వుంది. గట్టిగా డంక్ చేస్తే బోర్డు పగిలిపోతుంది, ఊడ్చేవాడు వచ్చి సణుక్కుంటూ గాజుపెంకులు ఎత్తుకుపోతాడు. మన కామెడీ ట్రాకులకేం తీసిపోదు!

చిక్కంతా జట్టుకి ఐదుగురు దిగినప్పుడు వచ్చింది. 1986లో జపాను కంపెనీ కొనామీ తీసిన 'డబుల్ డ్రిబుల్'లో ఐదుగురికి ఐదుగురు. మనిషికి వున్నది రెండు చేతులే. ఒక్కణ్ణి మనం నడిపితే తక్కిన నలుగురినీ నడిపేదెవరు? కంప్యూటరే. ఈ నలుగుర్నీ డూపులనుకోండి. వాళ్ళ పని మన పేరుమీద చెల్లిపోతుంది, మెప్పూ తిట్టూ మనకే.

1993లో మిడ్‌వే వారి 'ఎన్‌బీఏ జామ్' వచ్చి అమెరికా ఆర్కేడ్లలో కాసులవర్షం కురిపించింది. ఇద్దరికి ఇద్దరు. వరసగా మూడు బంతులు వేస్తే నాలుగో బంతికి నిప్పంటుకుంటుంది! ఇంటికొచ్చిన ప్రతుల్లో 'ట్యాగ్ మోడ్' అని ఒకటి పెట్టారు. అది వేసుకుంటే బంతి ఎవరి దగ్గరుంటే మన అధికారం వాడిదగ్గరికి పోతుంది, తీసేస్తే ఆటంతా ఒకే మనిషితో వుంటాం. అంటే మా బావ గొడవకి ఆనాడే స్విచ్చి వుందన్నమాట. ఆ ఆట సృష్టికర్త మార్క్ టర్మెల్‌ది డెట్రాయిట్ పిస్టన్స్ పిచ్చి. పిస్టన్స్ మీద నువ్వా నేనా అన్నట్టు సాగే ఆటలో చికాగో బుల్స్ ఆఖరిక్షణాల్లో వేసే బంతులు గురి తప్పేలా లోపల లెక్క రాసి పెట్టానని తర్వాత తనే ఒప్పుకున్నాడు. చూశారా! మీట మన చేతిలోనే వున్నా తీర్పు మరొకరి జేబులో వుండొచ్చు.

ఇక 1999లో మొదలైన 'ఎన్‌బీఏ టూకే' వరస సంగతి. దాంట్లో సెట్టింగులు తెరిస్తే తల తిరిగిపోతుంది. ఆటగాళ్ళను మార్చడం, టైమవుట్ అడగడం, ఎత్తులు వెయ్యడం... దేనికది మనకి వుంచుకోవచ్చు, కంప్యూటరుకి అప్పగించొచ్చు. రక్షణలో పై మీట నొక్కితే ఒక్కొక్కడి మీద ఒక్కో గుర్తు వెలుగుతుంది. ఏ గుర్తు నొక్కితే ఆ మనిషి మనవాడు. చెప్పడానికి తేలికే, పరుగుమీద ఐదు గుర్తులు చదవడానికి కుర్రకళ్ళు కావాలి. 'ప్లేయర్ లాక్' అని ఇంకోటుంది. ఒకణ్ణి ఎంచుకుంటే ఆట అయ్యేదాకా వాడే మనం.

బంతి వెయ్యడంలోనూ రెండు మతాలున్నాయి. మీట నొక్కి, ఎగిరిన మనిషి చేతి ఊపు చూసి సరైన క్షణంలో వదలడం ఒకటి. ఆ క్షణం ఒక్కో ఆటగాడికి ఒక్కోలా వుంటుంది, అదో సాధన. ఇది వద్దనుకుంటే నిజజీవితంలో ఆ ఆటగాడి గురి ఎంతో అంత శాతం ప్రకారం కంప్యూటరే తేల్చేస్తుంది. 2015-16 సీజన్‌లో 402 మూడుపాయింట్ల బంతులు వేసిన స్టీఫెన్ కర్రీ ఎవరి చేతిలో పడ్డా కర్రీయే! మొదటి పద్ధతిలో గెలిచేది మన వేలు, రెండోదాంట్లో గెలిచేది మన ఎంపిక. 2020లో వచ్చిన టూకే 21లో కుడిపుల్లతో గురి కూడా చూసి వెయ్యాలన్నారు. చేయితిరిగినవాళ్ళే గొల్లుమన్నారు. కొద్దిరోజులకే కంపెనీ దిగొచ్చి కింది స్థాయిల్లో గురి సులువు చేసింది.

మన సినిమావాళ్ళకి నచ్చే సంగతొకటి. 'డూ ద రైట్ థింగ్' తీసిన స్పైక్ లీ 2015లో టూకే 16కి కథారచన, దర్శకత్వం చేశాడు. పేరున్న దర్శకుడు, పెద్ద హంగామా. తీరా ఆడితే కుర్రాళ్ళకి కోపమొచ్చింది. కోర్టులో ఎంత బాగా ఆడినా, ఎంత చెత్తగా ఆడినా కథ దాని దారిన అది పోతుంది. మనం చూస్తూ కూర్చోవాలి. బంతి మాన్యువల్, బతుకు ఆటోమేటిక్! సినిమాకి టిక్కెట్టు కొన్నవాడు చూడ్డానికే వస్తాడు, ఆటకి డబ్బుపెట్టినవాడు ఆడ్డానికి వస్తాడు. అంతటి దర్శకుడూ అక్కడే తడబడ్డాడని నా ఉద్దేశం.

అన్నట్టు, 2018లో ఎన్‌బీఏ వారే పదిహేడు జట్లతో టూకే లీగ్ మొదలెట్టారు. అందులో ఐదుగురు ఆటగాళ్ళను ఐదుగురు మనుషులే నడిపారు. డూపులకి చోటేలేదు.

సరే, మా ఇంటికొద్దాం. కనుమనాడు మేనల్లుణ్ణి కూర్చోబెట్టి నేనే సెట్టింగులు మార్పించాను. బంతి వేయడం బావకి ఆటోమేటిక్, శాతం ప్రకారం. రక్షణలో మాత్రం రింగుకింద నిలబడే పొడుగాటి సెంటర్ మీద తాళం. "అది చీటింగ్ మామయ్యా, గురి కంప్యూటర్ చూసుకుంటే ఇంకేముంది?" అని వాడు ఒకటే గొణుగుడు. "రోజూ నువ్వు రెండుగంటలు ఆడతావు, మీ నాన్న పండక్కి ఆడతాడు. అదెందుకు చీటింగ్ కాదూ?" అన్నాను. దానికి వాడి దగ్గర జవాబు లేదు. నిజం చెప్పొద్దూ, నా దగ్గరా పూర్తి జవాబు లేదు. రోజూ సాధన చేసినవాడి వేలికి విలువ లేకుండా పోతే వాడికీ మంటే కదా!

బావని బతిమాలి తీసుకొచ్చాం. మొదటి ఆట ఓడాడు, ఆరు పాయింట్ల తేడాతో. రెండో ఆటలో చూడాలి తమాషా! కుర్రాడు మూడుసార్లు మూలకి బంతి విసిరాడు. మూడుసార్లూ బావ మనిషి ముందే అక్కడున్నాడు.

మేనల్లుడు ఆట ఆపేశాడు. "నాన్నా, నేను అటే వేస్తానని నీకెలా తెలిసింది?"

"ఆ మూలే కదరా ఖాళీగా వుంది, ఇంకెక్కడికి వేస్తావ్?"

వాడు ఇంకేమీ అనకుండా కాస్త జరిగి తండ్రి పక్కకొచ్చి కూర్చుని, మళ్ళీ ఆట మొదలెట్టాడు. వంటింట్లోంచి అక్కయ్య, "గారెలు చల్లారిపోతున్నాయి, ముగ్గురికీ వేరే పిలుపులు కావాలా?" అని రెండోసారి కేకేసింది.