ఏలియన్: అవుట్ ఆఫ్ ది షాడోస్ (శ్రవ్య నాటకం)

ఏలియన్: అవుట్ ఆఫ్ ది షాడోస్ అనునది ఆంగ్ల భాషలో వెలువడిన ఒక వైజ్ఞానిక కల్పనా శ్రవ్య నాటకం. దీనిని ఆడిబుల్ సంస్థ 2016 ఏప్రిల్ 26న విడుదల చేసింది. టిమ్ లెబ్బన్ రచించి, 2014లో ప్రచురితమైన ఇదే పేరుగల నవల దీనికి మూలం. నవలను నాటకంగా మలచి, దర్శకత్వం వహించినవాడు డర్క్ మాగ్స్. నాటకం నిడివి సుమారు నాలుగున్నర గంటలు. సుదూర గ్రహంపై గల ఒక గని, దానికి పైన కక్ష్యలో తిరిగే మారియన్ అనే నౌక ఇందులో కథాస్థలాలు.

ఒకే వ్యక్తి పుస్తకాన్ని చదివి వినిపించే సాధారణ శ్రవ్య పుస్తకానికి ఇది భిన్నమైనది. ఆకాశవాణి నాటకాలలో వలె ఇందులో ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క నటుడు గాత్రం అందించగా, సంగీతం, శబ్దాలు సన్నివేశాన్ని శ్రోతకు తెలియజేస్తాయి.

నేపథ్యం

1979లో రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో వచ్చిన ఏలియన్ చిత్రంలో నోస్ట్రోమో అనే వాణిజ్య నౌక 2 కోట్ల టన్నుల ఖనిజాన్ని భూమికి తీసుకువస్తుంటుంది. దారిలో నౌకలోకి ప్రవేశించిన ఒక గ్రహాంతర జీవి సిబ్బందిని వధిస్తుంది. ఎలెన్ రిప్లీ అనే అధికారిణి, జోన్స్ అనే పిల్లి మాత్రమే నార్సిసస్ అనే చిన్న నౌకలో తప్పించుకుంటారు. జీవిని తీసుకురావడమే ముఖ్యమనీ, అందుకై సిబ్బందిని కోల్పోయినా ఫరవాలేదనీ యజమాని అయిన కంపెనీ రహస్యంగా ఆదేశించిందనీ, నౌకలోని శాస్త్ర అధికారి ఆష్ నిజానికి ఆ ఆదేశాన్ని అమలుపరిచే మానవరూప యంత్రమనీ చిత్రంలో వెల్లడవుతుంది.

1986లో జేమ్స్ కామెరాన్ తీసిన ఏలియన్స్ చిత్రం రిప్లీ 57 సంవత్సరాల దీర్ఘనిద్ర తరువాత మేల్కొనడంతో మొదలవుతుంది. ఈ నాటకం ఆ 57 సంవత్సరాల విరామం మధ్యలో జరిగిన కథను చెబుతుంది.

కథాసంగ్రహం

హెచ్చరిక: ఈ విభాగంలో కథ ముగింపు తెలుపబడింది.

ఎల్‌వి178 అనే గ్రహంపై నిరంతరం ఇసుక తుఫానులు వీస్తుంటాయి. అక్కడ కెల్లాండ్ అనే గనుల కంపెనీ ట్రైమోనైట్ అనే పదార్థాన్ని తవ్వుతుంది. కథలో మానవులకు తెలిసిన పదార్థాలన్నింటిలో ఇదే అత్యంత కఠినమైనది. కార్మికులను గనికీ, మారియన్‌కూ మధ్య శామ్సన్, డెలైలా అనే రెండు నౌకలు చేరవేస్తుంటాయి. గని లోతులలో బయటపడిన జీవులు కార్మికులపై దాడి చేస్తాయి. పైకి వస్తున్న డెలైలా అదుపు తప్పి మారియన్‌ను ఢీకొంటుంది. ఆ తాకిడికి మారియన్ కక్ష్య దెబ్బతిని, అది క్రమంగా గ్రహం వైపు దిగజారడం మొదలవుతుంది. శామ్సన్‌లో జీవులు బందీలై ఉంటాయి. కెప్టెన్ మరణించగా ప్రధాన ఇంజనీరు క్రిస్ హూపర్ (హూప్) మిగిలిన ఎనిమిది మందికి నాయకుడవుతాడు.

కొన్ని వారాల తరువాత నార్సిసస్ అక్కడికి చేరుతుంది. అప్పటికి రిప్లీ 37 సంవత్సరాలు నిద్రలో గడిపింది. మారియన్ సిబ్బందికి ఆ నౌక ఒక్కటే తప్పించుకునే మార్గం, కాని దాని ఇంధన ఘటం పనికిరాని స్థితిలో ఉంది. కొత్త ఘటం గనిలో మాత్రమే లభిస్తుంది. అందువలన జీవులున్న శామ్సన్‌ను తెరచి, అదే నౌకలో, జీవులు పుట్టిన గనికే దిగవలసి వస్తుంది. భూగర్భంలో వారికి ఏదో తెలియని జాతికి చెందిన పురాతన నౌక కనిపిస్తుంది.

ఇంతలో రిప్లీ రాక యాదృచ్ఛికం కాదని తెలుస్తుంది. నోస్ట్రోమోలో నాశనమైన ఆష్ తన చైతన్యాన్ని ముందుగానే నార్సిసస్ కంప్యూటరులోకి చేర్చుకున్నాడు. జీవి నమూనా కొరకు నౌకను ఇక్కడికి మళ్ళించింది అతడే.

ముగింపులో హూప్ ఆష్‌ను కంప్యూటరు నుండి తొలగిస్తాడు. గాయపడిన రిప్లీకి యంత్ర సహాయంతో చికిత్స చేసి, ఈ గ్రహం వద్ద జరిగినదంతా ఆమె జ్ఞాపకం నుండి చెరిపివేస్తాడు. ఆమెను తిరిగి నిద్రపుచ్చి పంపించి, తాను వెనుకనే ఉండిపోతాడు.

జ్ఞాపకం చెరిపివేత

రెండు చిత్రాల మధ్య జరిగే ఏ కథకైనా ఒక చిక్కు ఎదురవుతుంది. ఏలియన్స్ చిత్రం ఆరంభంలో రిప్లీకి నోస్ట్రోమో సంఘటన తప్ప మరేమీ తెలియదు. కాబట్టి మధ్యలో ఆమె ఏమి చూసినా దానిని మరచిపోవాలి. ఇది కథను అతికించడానికి చేసిన ఏర్పాటే అయినా, నాటకంలోని విషాదమంతా దీనిలోనే ఉంది.

ఏలియన్స్ విస్తృత రూపంలో రిప్లీకి అమాండా అనే కుమార్తె ఉన్నట్లు, ఆమె పదకొండవ పుట్టినరోజుకు ఇంటికి వస్తానని తల్లి మాట ఇచ్చినట్లు ఉంది. తల్లి చేరేసరికి కుమార్తె 66వ ఏట మరణించి రెండు సంవత్సరాలవుతుంది. ఈ లెక్కన నాటకం జరిగే కాలానికి అమాండా వయసు సుమారు 48 సంవత్సరాలు. అనగా, మారియన్‌పై మేల్కొన్న రిప్లీ అక్కడి నుండి వెంటనే ఇంటికి చేరగలిగితే కుమార్తెను సజీవంగా చూసే అవకాశం ఇంకా ఉంది. మిగిలిన 20 సంవత్సరాల నిద్ర ఆ అవకాశాన్ని కూడా తీసివేస్తుంది. చిత్రాలు చూసిన శ్రోతకు ఈ సంగతి ముందే తెలుసు, రిప్లీకి తెలియదు. హూప్ దయతో చేసిన పని ఆమెను భయం నుండి కాపాడినా, ఎదురుగా ఉన్న నష్టం నుండి కాపాడలేదు.

శ్రవ్య రూపం

మూల చిత్రం భయాన్ని చీకటి, నీడల ద్వారా కలిగించింది. శూన్యంలో శబ్దం ప్రయాణించదు కనుక అరుపులు ఎవరికీ వినిపించవన్నది దాని ప్రచార వాక్యం భావం. ఈ నాటకానికి మాత్రం శబ్దమే ఏకైక సాధనం. జీవి ఎక్కడుందో పాత్రలకు తెలియని చోట శ్రోతకూ తెలియదు. కాబట్టి కనబడకపోవడమన్న లోపమే ఇక్కడ బలమయింది.

శ్రవ్య నాటకంలో స్థలాన్ని, చర్యను వర్ణించడం కష్టం. పాత్రలే తాము చూస్తున్నది చెప్పుకుంటే సంభాషణ కృతకమవుతుంది. మాగ్స్ దీనికి ఆష్‌ను కథకుడిగా చేశాడు. అతడు కంపెనీకి సమర్పించే నివేదిక రూపంలో కథ సాగుతుంది. కార్మికుల మరణాలను అతడు సరకుల లెక్క వలె ప్రశాంతంగా చెప్పడం, వెనుక నుండి వారి కేకలు వినిపించడం శ్రోతను కలవరపెడతాయి. తవ్విన ఖనిజానికి ఉన్న విలువ తవ్విన మనిషికి లేదన్న మూల చిత్రంలోని భావం ఈ స్వరంలో స్పష్టంగా వినబడుతుంది.

ముఖ్య పాత్రధారులు

- ఎలెన్ రిప్లీ: లారెల్ లెఫ్కో
- క్రిస్ హూపర్: కోరీ జాన్సన్
- ఆష్: రట్గర్ హావర్

చిత్రంలో ఆష్ పాత్రను ఇయాన్ హోమ్ పోషించాడు. హావర్ 1982 నాటి బ్లేడ్ రన్నర్ చిత్రంలో కృత్రిమ మానవుడిగా ప్రసిద్ధి పొందాడు. ఇతడు 2019లో మరణించాడు.

తరువాతి నాటకాలు

మాగ్స్ ఈ వరుసలో మరికొన్ని నాటకాలు రూపొందించాడు. క్రిస్టఫర్ గోల్డెన్ నవల ఆధారంగా 2017లో వచ్చిన ఏలియన్: రివర్ ఆఫ్ పెయిన్ ఏలియన్స్ చిత్రంలోని వలస స్థావరం కథను చెబుతుంది. జేమ్స్ ఎ. మూర్ నవల ఆధారంగా 2018లో వచ్చిన ఏలియన్: సీ ఆఫ్ సారోస్ కథ కొన్ని శతాబ్దాల తరువాత తిరిగి ఎల్‌వి178 పైనే జరుగుతుంది. అందులో రిప్లీ వంశీయుడు ఒక ముఖ్య పాత్ర.