నలుగురిలో నిలబడి మాట్లాడటం ఎట్లా?

— బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి, నవాబుపేట

'నోరు మంచిదైతే ఊరు మంచిది' అన్నారు పెద్దలు. ఆ మంచి నోరు పుట్టుకతోనే రావాలని మాత్రం వారెక్కడా అనలేదు. అయినా ఉపన్యాసమనేది దేవుడు కొందరికే ఇచ్చిన వరమనీ, ఇంగ్లీషు మీడియంలో చదివిన పట్నం పిల్లల సొత్తనీ మనలో చాలామంది నమ్ముతారు. పల్లెల నుండి వచ్చి చదువుకుంటున్న మనకు ఈ నమ్మకం చేస్తున్న నష్టం అంతా ఇంతా కాదు. రేపు డిగ్రీ చేతికి వచ్చాక ఇంటర్వ్యూలో నోరు విప్పాలి. బ్యాంకులోగాని, బడిలోగాని, మందుల కంపెనీ ప్రయోగశాలలోగాని, ఎక్కడ కొలువు దొరికినా చేసిన పనిని పదిమంది ముందు వివరించక తప్పదు. తెలిసి కూడా చెప్పలేనివాడు తెలియనివాని కిందనే జమ అవుతున్నాడు. అందుచేత ఈ విద్యను ఎట్లా నేర్చుకోవచ్చో నాకు తెలిసినంతలో మిత్రుల ముందు పెడుతున్నాను.

భయం ఎక్కడ పుడుతుంది?

మనం సైన్సు విద్యార్థులం. కాబట్టి భయాన్ని కూడా శాస్త్రంతోనే పరిశీలిద్దాం. వేదిక ఎక్కగానే గుండె దడదడలాడటం, గొంతు తడారిపోవటం, చేతులు వణకటం పిరికితనానికి గుర్తులు కావు. మూత్రపిండాల పైన టోపీల్లాగ ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. దానితో గుండె వేగం పెరుగుతుంది, కండరాలకు రక్తం ఎక్కువగా పోతుంది. నోట్లో లాలాజలం తగ్గుతుంది. చేలో పాము కనబడితే ఎగిరి దుంకటానికి శరీరం చేసుకునే ఏర్పాటు కూడా ఇదే. ఎదురుగా ఉన్నది పామా, రెండు వందల కళ్ళా అనే తేడా పాపం ఆ గ్రంథికి తెలియదు! ఏండ్ల తరబడి మాట్లాడినవాళ్ళలో కూడా చాలామందికి ఈ దడ పూర్తిగా పోదు. దానితో మెలగటం వాళ్ళకు అలవాటు అవుతుంది, అంతే.

దీనికి విరుగుడు ఊపిరి. మనం మాట్లాడేది ఊపిరి వదిలేటప్పుడే. ఊపిరితిత్తుల నుండి వచ్చే గాలి గొంతులోని స్వరతంత్రులను కంపింపజేస్తే ధ్వని పుడుతుంది. భయంలో ఊపిరి పైపైన ఆడుతుంది. గాలి చాలక వాక్యం చివరికి వచ్చేసరికి గొంతు సన్నగిల్లుతుంది. కనుక లేచి నిలబడే ముందు నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలాలి. ఇట్లా నాలుగైదు సార్లు చేస్తే గుండె కొంత నెమ్మదిస్తుంది. మొదటి రెండు వాక్యాలు మాత్రం నోటికి వచ్చి ఉండాలి. అవి దాటితే బండి తోవలో పడుతుంది.

ఎవరికి చెబుతున్నాం? ఏం కావాలని చెబుతున్నాం?

భయం కన్నా పెద్ద అడ్డంకి ఇంకొకటి ఉన్నది. అది సరుకును సర్దుకోకపోవటం. మా ఇంటి వ్యవసాయం నుండే ఒక ఉదాహరణ చెబుతాను. మా నవాబుపేట దిక్కు పత్తి, కంది పండిస్తారు. పత్తిలో గులాబిరంగు పురుగు పడిందని ఒక రైతు వ్యవసాయ అధికారి దగ్గరికి పోయిండనుకోండి. "సారూ, పత్తి అంత ఖరాబయింది, ఏం జేయాల్నో సమజైత లేదు, జర మీరే సూడాలె" అన్నాడనుకోండి. బాధ నిజమే, గాని దానితో అధికారికి తెలిసింది ఏమీ లేదు. అదే రైతు ఇట్లా చెబితే? "సారూ, నాది రెండెకరాల పత్తి. పెట్టి నూరు రోజులైంది. చేను నాలుగు దిక్కులు తిరిగి ఇరవై పచ్చికాయలు తెంపి చీరి సూసిన. మూడు కాయలల్ల పురుగున్నది. ఏ మందు కొట్టమంటరు?" ఇరవై కాయలలో రెండింట పురుగు ఉంటే, అంటే నూటికి పదికి చేరితే, మందు కొట్టవలసిన హద్దు వచ్చినట్లేనని శాస్త్రజ్ఞులు చెబుతారు. కాబట్టి అధికారి వెంటనే జవాబు చెప్పగలుగుతాడు.

రెండో రైతు ఇంగ్లీషు మాట్లాడలేదు, యాస మార్చలేదు, పెద్ద పెద్ద మాటలు వాడలేదు. ఎక్కడ, ఎంత, ఏం చూసిండు, ఏం కావాలి అనే నాలుగు సంగతులను వరుసగా చెప్పిండు. ఆఫీసులలో ప్రజెంటేషన్ అని పెద్ద పేరు పెట్టుకున్నది కూడా ఇదే సుమా! వినేవాడికి ఏది అవసరమో అది ముందు చెప్పాలి. లెక్క ఉంటే లెక్క చెప్పాలి. చివరికి వాళ్ళ నుండి మనకేం కావాలో స్పష్టంగా అడగాలి. మాట్లాడబోయే ముందు 'విన్నవాళ్ళు ఇంటికి పోయేటప్పుడు ఏ ఒక్క మాట తీసుకుపోవాలి?' అని ఆలోచించి, ఆ ఒక్క వాక్యాన్ని కాగితం మీద రాసుకోవాలి. ఆ వాక్యానికి పనికిరానిది ఎంత ముద్దుగా ఉన్నా కలుపు మొక్కే, పీకి పారెయ్యాలి.

కమ్మరి కొడుకు, కొవ్వొత్తి

విద్యుచ్ఛక్తి రంగంలో మహా పరిశోధనలు చేసిన మైకేల్ ఫారడే ఒక కమ్మరి కొడుకు. పెద్ద చదువులు లేవు, పుస్తకాలకు అట్టలు కుట్టే దుకాణంలో పని నేర్చుకున్నాడు. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, వాటిని శ్రద్ధగా రాసుకొని ఆయన దగ్గరే కొలువు సంపాదించాడు. అంతటి మనిషి కూడా మాట్లాడే తీరును ఒక గురువు దగ్గర పాఠంగా నేర్చుకున్నాడు. లండన్ రాయల్ ఇన్స్టిట్యూషన్‌లో పిల్లల కోసం 1827 నుండి 1860 వరకు పంతొమ్మిది విడతలు క్రిస్మస్ ఉపన్యాసాలు ఇచ్చాడు. వాటిలో పేరెన్నికగన్నవి కొవ్వొత్తి మీద చెప్పినవి. అందరి ఇళ్ళలో వెలిగే కొవ్వొత్తిని చేత పట్టుకొని రసాయన శాస్త్రమంతా అందులో చూపించాడు.

దీని నుండి మనం గ్రహించవలసినది ఏమిటంటే, తెలిసిన వస్తువుతో మొదలుపెట్టి తెలియని విషయానికి తీసుకుపోవాలి. ఆస్మాసిస్ గురించి సెమినార్ ఇవ్వవలసి వచ్చిందనుకోండి. నిర్వచనంతో మొదలుపెడితే వెనక బెంచీలు నిద్రపోతాయి. 'మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే నీరు ఎందుకు ఊరుతుంది?' అని అడిగి చూడండి, అందరూ తల ఎత్తుతారు. స్లైడులు వేసే అవకాశం ఉన్నా వాటి మీద బొమ్మ, పటం, లెక్క ఉండాలి గాని పాఠమంతా ఉండగూడదు. గోడ మీద ఉన్నదే మనం చదివితే మనం ఎందుకు, గోడ చాలదా?

తెలుగు మాటకు జరిగిన అవమానం

చెప్పేవాని సంగతి ఇంత చెప్పుకున్నాం. వినేవాని సంగతి కూడా ఒకటి ఉన్నది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో కార్వే పండితుని అధ్యక్షతన సంఘ సంస్కార మహాసభ జరిగింది. ఇతర భాషల ఉపన్యాసాలను సభ సాఫీగా విన్నది. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగులో మాట్లాడబోతే మాత్రం అల్లరి చేసి, గేలి చేసి ఆయనను మాట్లాడనివ్వలేదు. ఆయనకు విషయం తెలియక కాదు, నోరు రాక కాదు. ఆయన భాష సభకు లోకువైంది.

ఆ అవమానానికి తెలుగువారు ఇంట్లో కూర్చొని ఏడ్వలేదు. మాడపాటి హనుమంతరావు గారి వంటి పెద్దలు కలిసి ఆంధ్ర జన సంఘాన్ని స్థాపించారు. ఆ దారిలోనే 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగింది. అక్కడే నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. ఒక్క మనిషి మాటను అణచబోతే అది వేల గొంతులై లేచింది.

నూరేండ్లు దాటినా ఆ గేలి పూర్తిగా పోయిందని చెప్పలేం. ఇవాళ క్లాసులో ఒక పల్లె పిల్ల లేచి 'సార్, నాకొక డౌటున్నది' అంటే ఆ యాసకే కిసుక్కుమనే నవ్వులు ఎక్కడో ఒకచోట వినబడుతూనే ఉన్నాయి. ఆ నవ్వు ఆ పిల్ల నోటిని మూడేండ్లపాటు మూయగలదు. ఆ మూడేండ్లే ఆమె నేర్చుకోవలసిన మూడేండ్లు. కాబట్టి మిత్రులారా, మంచి వక్తలు కావాలంటే ముందుగా మనం మంచి శ్రోతలం కావాలి.

అభ్యాసం కూసు విద్య

'అనగ అననగ రాగమతిశయిల్లుచునుండు' అనే మాట మనందరికీ చిన్నప్పటి నుండి తెలిసిందే. ఇంగ్లీషు కూడా అట్లాగే వస్తుంది. ఉద్యోగానికి అది అవసరమే, కాదనను. కాని ముందు తెలుగులో ఆలోచనను వరుసగా పేర్చటం వస్తే, అదే వరుసను చిన్న చిన్న వాక్యాలతో ఇంగ్లీషులోకి తేవటం కష్టం కాదు. ఆలోచనే చిక్కుపడి ఉంటే ఏ భాషా విడదీయలేదు.

చేయవలసిన పని చాలా తేలిక. వారానికి ఒక పాఠం తీసుకొని, చదువురాని మన ఇంటి పెద్దవాళ్ళకు అర్థమయ్యేటట్లు ఐదు నిమిషాలు చెప్పాలి. వాళ్ళు "గదేంది బిడ్డా?" అని అడిగినచోటే మనకూ అర్థం కాలేదని గుర్తు. ఇంట్లో ఎవరూ లేకపోతే చేను గట్టు మీద నిలబడి చెప్పవచ్చు. సెల్‌ఫోనులో రికార్డు చేసుకొని వింటే 'అంటే, అంటే' అని ఎన్నిసార్లు అన్నామో, ఎక్కడ గొంతు తగ్గిందో మనకే తెలుస్తుంది. హాస్టలులో ఐదారుగురు కలిసి ఆదివారం పూట తలా ఐదు నిమిషాలు మాట్లాడుకుంటే ఖర్చు కాణీ లేదు.

అన్నం పెట్టే చేతులు మనవి. ఆ చేతుల కష్టాన్ని కొలిచి, లెక్కగట్టి, ఆఫీసులలో, మార్కెట్లలో, గ్రామసభలలో నిలబడి చెప్పే నోరు కూడా మన ఇళ్ళ నుండే రావాలి. మన తరఫున వేరొకరు మాట్లాడితే వాళ్ళకు తెలిసినంతే చెబుతారు. కనుక ఈ ఏడు యూనియన్ పెట్టబోయే వక్తృత్వపు పోటీలో, గెలుపు ఓటముల మాట పక్కనబెట్టి, ఇంతవరకు వేదిక ఎక్కని ప్రతి విద్యార్థీ, ప్రతి విద్యార్థినీ తమ పేరు రాయించుకోవాలని నా మనవి.