మీకు తెలుసా? ఆయిల్ ఫిల్టర్‌లో ఓ దొడ్డిదారి ఉంది

ఎండాకాలం కర్నూలు నుంచి కడపకు కారులో వెళ్తే అద్దాల మీద దుమ్ము కనిపిస్తుంది, ఇంజన్‌లో చేరేది కనిపించదు. బేతంచెర్ల, యర్రగుంట్ల వైపు రేగే నాపరాతి పొడి కొంత నయం. మోస్ కొలమానంలో దానిలోని కాల్సైట్ గట్టిదనం 3. ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7. మామూలు ఇనుము కన్నా గట్టిది, బేరింగులను గీకేస్తుంది.

దుమ్మును మొదట ఆపాల్సింది ఎయిర్ ఫిల్టరే. దాన్ని తప్పించుకున్న నలుసులను, మసిని, ఇంజన్‌లో అరిగిన లోహపు పొడిని ఆయిల్ ఫిల్టర్ పడుతుంది. మరి అదీ మూసుకుపోతే? బండి ఆగదు. లోపలి బైపాస్ వాల్వ్ తెరుచుకుని ఆయిల్‌ను వడకట్టకుండానే పంపేస్తుంది. అసలు ఆయిలే అందకపోవడం కన్నా మురికి ఆయిల్ మేలని లెక్క. డ్యాష్‌బోర్డులో ఎర్రదీపం వెలగకపోవచ్చు కూడా. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

ఈ వాల్వ్ ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలన్నది ఇంజన్‌ను బట్టి మారుతుంది. కాబట్టి మరలు బిగిశాయని ఏదో ఒకటి తగిలించడం తప్పు. మాన్యువల్‌లోని పార్ట్ నంబరు చూసే కొనాలి. ఫిల్టర్ అడ్డంగానో తలకిందులుగానో ఉండే ఇంజన్లకు, బండి ఆపాక ఆయిల్ వెనక్కి జారకుండా పట్టే రబ్బరు వాల్వ్ బాగుండాలి. చౌకరకంలో ముందు గట్టిపడేది ఈ రబ్బరే.

దుమ్ము దారుల్లో తిరిగే బండ్లకు ఆయిల్, ఫిల్టర్ త్వరగా మార్చాలని చాలా మాన్యువళ్లలో వేరే పట్టికే ఉంటుంది. ఆ పేజీ తిప్పేవాళ్లు తక్కువ. మార్చేటప్పుడు పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో చూడమని మెకానిక్‌కు చెప్పండి. రెండు రింగులు పడితే ఆయిల్ కారిపోతుంది.